పెద్దలకు నువ్వులు, నీళ్లు: విశాఖలో తద్దినం, మహాలయం ఎలా చేసుకోవాలి

ఇంట్లో పెద్దవాళ్లు పోయిన మొదటి ఏడాదంతా పంతులుగారే అన్నీ గుర్తు చేస్తారు. మాసికం ఎప్పుడు, ఊన మాసికం ఎప్పుడు, సంవత్సరీకం ఏ తిథికి వచ్చింది, అన్నీ ఆయన ఫోన్ చేసి చెబుతారు. రెండో ఏడాది నుంచి ఆ బరువు మీ మీద పడుతుంది. తద్దినం దగ్గరపడే కొద్దీ చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. తిథి సరిగ్గా చూశామా, అపార్ట్‌మెంటులో పిండాలు పెట్టొచ్చా, భోక్తలు, అంటే శ్రాద్ధ భోజనానికి కూర్చునేవాళ్లు, దొరక్కపోతే ఎలా, మంత్రం తప్పు పలికితే నాన్నగారికి అందదేమో.

నాకు అర్థమైనంతవరకు ఇందులో వదలకూడనివి నాలుగే. తిథి, పేర్లు, నువ్వులూ నీళ్లూ, ఆ రోజు ఒకరికి కడుపునిండా అన్నం. ఈ నాలుగూ పట్టుకుంటే మిగతావి మీ స్తోమతను బట్టి, మీ ఇంటి ఆచారాన్ని బట్టి పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. విశాఖలో ఉండేవాళ్లకు ఉపయోగపడేలా ఒక్కొక్కటే చెబుతాను.

ముందు తిథి చూడండి

పోయిన తేదీ కాదు, పోయిన సమయానికి ఉన్న తిథి కావాలి. మాసం, పక్షం, తిథి, ఈ మూడూ కలిస్తేనే తద్దినం రోజు తేలుతుంది. డెత్ సర్టిఫికెట్లో తేదీ మాత్రమే ఉంటే ఆస్పత్రి కాగితాల్లో సమయం కూడా చూడండి. రాత్రి ఒంటిగంటకు ప్రాణం పోతే ఇంగ్లీషు తేదీ మారిపోయి ఉంటుంది. తిథి అలా అర్ధరాత్రికి మారదు, పగలైనా రాత్రైనా ఏ గంటకైనా మారవచ్చు. ఆ ఏటి పంచాంగం తీసి, ఆ సమయానికి ఏ తిథి నడుస్తోందో చూసి రాసి పెట్టుకోండి. ఈ పని ఒక్కసారి చేస్తే చాలు, జన్మంతా పనికొస్తుంది.

ఇక ప్రతి ఏటా చూడాల్సింది, ఆ తిథి ఏ రోజు అపరాహ్ణంలో ఉందన్నది. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకు ఉన్న పగటిని ఐదు భాగాలు చేస్తే నాలుగోది అపరాహ్ణం. ఆరింటి నుంచి ఆరింటిదాకా పగలు అనుకుంటే ఒక్కో భాగం 2 గంటల 24 నిమిషాలు, కాబట్టి మధ్యాహ్నం 1.12 నుంచి 3.36 వరకు అపరాహ్ణం. పెద్దలకు పెట్టే శ్రాద్ధానికి ఇదే అసలు సమయం. తిథి ఉదయం తొమ్మిదింటికే వెళ్లిపోతే ఆ రోజు తద్దినం కాదు, ముందు రోజు అవుతుంది. క్యాలెండర్లో పెద్ద అక్షరాలతో ఉండేది సూర్యోదయానికి ఉన్న తిథి. అది మాత్రమే చూసి ఆఫీసులో సెలవు పెట్టేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు.

ఫోన్‌లో పంచాంగం చూసేటప్పుడు ఊరు విశాఖపట్నం అని మార్చుకోండి. హైదరాబాద్ కంటే మనకు సుమారు 20 నిమిషాల ముందే తెల్లవారుతుంది. తిథి సరిగ్గా అపరాహ్ణం అంచున ఉన్నప్పుడు ఆ కాస్త తేడాకే రోజు మారవచ్చు.

అధిక మాసం వచ్చిన ఏడాది ఇంకొంచెం జాగ్రత్త కావాలి. 2026లో మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం. జ్యేష్ఠంలో పోయినవారి తద్దినం తెలుగువాళ్లలో ఎక్కువమంది ఆ అధిక నెల తర్వాత వచ్చే నిజ జ్యేష్ఠంలోనే పెడతారు. తిథి అసలు తెలియదు, నెల మాత్రమే గుర్తుంది అంటే ఆ నెల అమావాస్య పట్టుకోండి.

మహాలయ పక్షం

భాద్రపద బహుళ పాడ్యమి నుంచి అమావాస్య వరకు మహాలయ పక్షం. 2026లో సెప్టెంబరు 27 నుంచి అక్టోబరు 10 వరకు. పదిహేను తిథులూ పద్నాలుగు రోజుల్లోనే సర్దుకున్నాయి కాబట్టి వేళ్ల మీద లెక్కపెడితే తప్పుతుంది, పంచాంగమే చూడాలి.

నాన్నగారు ఏ తిథిన పోయారో, ఈ పక్షంలో ఆ తిథి నాడు పెట్టాలి. ఉదాహరణకు ఆయన మాఘ శుద్ధ పంచమి నాడు పోతే మహాలయంలో పంచమి. భర్త ఉండగా పోయిన తల్లికి నవమి, దాన్ని అవిధవా నవమి అంటారు. ప్రమాదాల్లోనూ ఆయుధాలవల్లా పోయినవారికి చతుర్దశి. ఏదీ కుదరనివాళ్లకు, ఏదీ తెలియనివాళ్లకు అమావాస్య. సంవత్సరీకం కాకముందు మహాలయం పెట్టకపోవడం చాలా కుటుంబాల్లో ఆచారం, మీ ఇంట్లో ఎలాగో పెద్దవాళ్లను అడగండి.

తద్దినానికీ మహాలయానికీ ఒక తేడా ఉంది. తద్దినం ఆ పోయినవారి కోసం, వారి పైతరాల కోసం. మహాలయంలో బాబాయి, మేనత్త, అత్తమామలు, గురువు, స్నేహితుడు, ఇలా అందరినీ తలుచుకోవచ్చు. కారుణ్య పితరులు అని పిలిచేది వీళ్లనే. పిల్లలు లేకుండా పోయిన పిన్నికి ఏటా నీళ్లు వదిలేవాళ్లు ఎవరుంటారు? మహాలయం ఉన్నది ఇలాంటివాళ్ల కోసమే. అందుకే తద్దినం పెట్టాం కదా, మహాలయం ఎందుకు అనేవాళ్లతో నేను ఒప్పుకోను.

పేర్లు రాసుకోండి

ఒక నోటుపుస్తకం తీసుకోండి. నాన్న, తాత, ముత్తాత. అమ్మ, నాయనమ్మ, తాతమ్మ. అమ్మ తరఫున తాత, ఆయన తండ్రి, ఆ పైతరం. అమ్మమ్మ, ఆమె అత్తగారు, ఆ పైవారు. పేరు, గోత్రం, తిథి. అమ్మ పుట్టింటి గోత్రం వేరు కాబట్టి దాన్ని విడిగా రాయండి. తాతగారి అసలు పేరు చాలామందికి తెలియదు. అందరూ పెద్దయ్యగారనో, మాస్టారనో పిలిచి ఉంటారు. ఊళ్లో ఉన్న పెదనాన్ననో, మేనత్తనో ఇప్పుడే అడగండి. వాళ్లూ పోయాక అడగడానికి ఎవరూ ఉండరు. పాత పొలం కాగితాల్లో, పెళ్లి శుభలేఖల్లో కూడా పేర్లు దొరుకుతాయి.

ఎంత చేయాలి, ఎవరు చేయాలి

పూర్తి పద్ధతి అన్న శ్రాద్ధం. భోక్తలను పిలిచి, విశ్వేదేవతల స్థానంలో, పితృస్థానంలో కూర్చోబెట్టి, వండి వడ్డించి, పిండాలు పెట్టడం. కొన్ని సంప్రదాయాల్లో విష్ణుస్థానం కూడా ఉంటుంది. మడి కట్టుకుని వండేవాళ్లు, నియమం ఉన్న భోక్తలు, సగం రోజు సమయం, మూడూ ఉంటే తప్పకుండా ఇదే చేయండి. ఇంట్లో వీలులేకపోతే పంతులుగారే తమ ఇంట్లోనో, మఠంలోనో ఏర్పాటు చేస్తారు.

అంత కుదరనివాళ్లకు శాస్త్రమే దారులు ఇచ్చింది. వండని బియ్యం, దినుసులతో చేసేది ఆమ శ్రాద్ధం. దక్షిణ రూపంలో ఇచ్చేది హిరణ్య శ్రాద్ధం. మనవైపు అందరికీ తెలిసింది స్వయంపాకం. ఒక మనిషి రెండుపూటలా వండుకుని తినడానికి సరిపడా బియ్యం, పప్పు, నెయ్యి, బెల్లం, చింతపండు, ఉప్పు, కూరలు, పెరుగు, ఆకు, వక్క, దక్షిణ. కూరల్లో కంద, అరటికాయ ఉండేలా చూడండి. ఇచ్చే బియ్యం మీరు ఇంట్లో తినేవే అయి ఉండాలి. దానానికని చవక రకం కొనడం నాకు మనసొప్పదు.

పెద్దకొడుకు ప్రధానం అంటారు. అన్నదమ్ములు వేరు కాపురాలు ఉంటే ఎవరింట్లో వారు పెట్టుకోవడం కూడా ఉంది. తండ్రి బతికి ఉన్న మనిషి తాతగారికి తర్పణం వదలకూడదు, అది తండ్రి చేయాల్సిన పని. కొడుకులు లేని ఇంట్లో కూతురు కొడుకు చేస్తాడు, లేదా భార్య గానీ కూతురు గానీ దర్భ ఇచ్చి పంతులుగారి చేత చేయిస్తారు. కూతుళ్లే కూర్చుని తర్పణం వదిలితే ఒప్పుకునే పురోహితులు ఇప్పుడు ఉన్నారు. అడగడానికి మొహమాటపడకండి. అన్నేళ్లు మంచం పక్కన కూర్చుని సేవ చేసిన కూతురు నాలుగు చుక్కల నీళ్లు వదలకూడదని నేను మాత్రం అనలేను.

పంతులుగారిని నెల ముందే మాట్లాడుకోండి. మహాలయ అమావాస్య నాడు ఆయన తెల్లవారింది మొదలు ఇల్లిల్లూ తిరుగుతూనే ఉంటారు. ఫోన్‌లోనే అన్నీ అడిగి రాసుకోండి: మీ సూత్రం, గోత్రం, ఎన్ని గంటలకు, ఏమేం తెచ్చుకోవాలి, దక్షిణ ఎంత అనుకోవాలి. దక్షిణ మాట ముందే అడగడంలో తప్పేమీ లేదు.

తర్పణం

పంతులుగారు దొరక్కపోయినా, అద్దె ఇంట్లో ఒక్కరే ఉన్నా తర్పణం వదలవచ్చు. కావలసినవి నల్ల నువ్వులు, దర్భలు, కొద్దిగా బియ్యం, రాగి లేదా ఇత్తడి చెంబు, నీళ్లు పడటానికి వెడల్పాటి పళ్లెం. ఇనుప సామాను వద్దు. దర్భలు, నువ్వులు పూర్ణా మార్కెట్‌లో పూజాసామగ్రి అమ్మేచోట దొరుకుతాయి. అమావాస్య రోజు పొద్దున్న వెళ్లకుండా రెండు రోజుల ముందే తెచ్చుకోండి.

తలస్నానం చేసి, ఆరిన పంచె కట్టుకుని, మీ సంప్రదాయం ప్రకారం బొట్టో విభూతో నామమో పెట్టుకోండి. దర్భతో చేసిన పవిత్రం కుడిచేతి ఉంగరం వేలికి. తూర్పుముఖంగా కూర్చుని ఆచమనం, ప్రాణాయామం, ఆ తర్వాత సంకల్పం.

సంకల్పం దగ్గర విశాఖవాళ్లు ఒకటి గమనించాలి. యూట్యూబ్‌లో వినిపించే సంకల్పాలు చాలావరకు హైదరాబాద్ వాళ్ల కోసం చెప్పినవి. వాళ్లు శ్రీశైలానికి వాయవ్యంలో, కృష్ణా గోదావరుల మధ్య ఉన్నారు. మనం ఉన్నది శ్రీశైలానికి ఈశాన్యంలో, గోదావరికి ఉత్తరాన. కాబట్టి మనం "శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే, గంగా గోదావర్యోర్మధ్యదేశే" అని చెప్పుకోవాలి. తర్వాత సంవత్సరం పేరు, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం. 2026 మహాలయ అమావాస్యకైతే పరాభవ నామ సంవత్సరే, దక్షిణాయనే, వర్ష ఋతౌ, భాద్రపద మాసే, కృష్ణ పక్షే, అమావాస్యాయాం, స్థిరవాసరే.

ఇప్పుడు దక్షిణం వైపు తిరగండి. జంధ్యం ఉన్నవాళ్లు దాన్ని కుడి భుజం మీదికి మార్చుకోవాలి, దీన్నే అపసవ్యం లేదా ప్రాచీనావీతి అంటారు. జంధ్యం లేనివాళ్లు ఉత్తరీయాన్ని అలా వేసుకుంటారు. అరచేతిలో కాసిని నువ్వులు వేసుకుని, ఎడమచేత్తో చెంబు వంచి నీళ్లు పోసుకుంటూ, ఆ నీళ్లు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి జారేలా వదలండి. అదే పితృతీర్థం. వేళ్ల కొసల నుంచి వదిలితే అది దేవతలకు ఇచ్చే పద్ధతి.

తండ్రికి: "అస్మత్ పితరం, ఫలానా గోత్రం, ఫలానా శర్మాణం, వసురూపం, స్వధా నమస్తర్పయామి" అని మూడుసార్లు. శర్మాణం అన్నచోట మీ ఇంటి వాడుకను బట్టి వర్మాణం, గుప్తం, దాసం అని వస్తుంది. తాతగారికి పితామహం, రుద్రరూపం. ముత్తాతగారికి ప్రపితామహం, ఆదిత్యరూపం. తల్లికి "అస్మత్ మాతరం, ఫలానా గోత్రాం, ఫలానా దాయీం, వసురూపాం". ఇదే వరుసలో నాయనమ్మ, తాతమ్మ, ఆ తర్వాత అమ్మ తరఫువాళ్లు. అమ్మ బతికి ఉంటే ఆమె పేరు ఎత్తకుండా నాయనమ్మ దగ్గర నుంచి మొదలుపెడతారు. బతికున్నవాళ్లెవరి పేరూ ఇందులో రాకుండా ముందే పుస్తకంలో గుర్తు పెట్టుకోండి.

సంస్కృతం నోరు తిరగకపోతే తొందరపడకుండా, పేరూ గోత్రమూ స్పష్టంగా చెప్పండి. ఒక్కో పేరు దగ్గర ఆ మనిషి ముఖం గుర్తు తెచ్చుకోండి. చూడని ముత్తాత అయితే విన్న ఒక్క మాటైనా తలుచుకోండి. గడియారం చూసుకుంటూ పది నిమిషాల్లో ముగించే తర్పణం కంటే, మంత్రం తడబడుతూ నిదానంగా వదిలేదే మేలని నా నమ్మకం.

చివర్లో ఒక నీళ్ల దోసిలి ఉంది. తల్లీ తండ్రీ బంధువులూ ఎవరూ లేనివాళ్లందరూ ఈ దర్భనీళ్లతో తృప్తి పొందాలి అని దాని భావం. ఆ దోసిలిని దాటేయకండి. 2020, 2021లో కరోనాతో పోయి, చివరిచూపుకు కూడా ఎవరూ రానివాళ్లు ఈ ఊళ్లో ఉన్నారు. వేటకు వెళ్లి సముద్రంలోంచి తిరిగిరాని మత్స్యకారులు ఉన్నారు. 2014 అక్టోబరు 12న వచ్చిన తుపాను హుద్‌హుద్‌లో పోయినవాళ్లు ఉన్నారు. ఎవరి పేరూ మనకు తెలియకపోయినా ఆ నీళ్లు వాళ్లకి కూడా.

తర్వాత పవిత్రం ముడి విప్పి వదిలి, సవ్యం చేసుకుని, అంటే జంధ్యాన్ని ఎడమ భుజం మీదికి తెచ్చుకుని, మళ్లీ ఆచమనం. పళ్లెంలోని నీళ్లు ఎవరూ తొక్కని చోట, చెట్టు మొదట్లో పోయండి. తులసి కోటలో మాత్రం పోయకండి. అపార్ట్‌మెంటులో ఉన్నవాళ్లు కింద ఉన్న కొబ్బరిచెట్టు మొదట్లో పోయవచ్చు. పిండాలు ఆవుకు పెట్టవచ్చు, నీటిలో కలపవచ్చు. డాబా మీద కాకికి పెట్టిన అన్నం సాయంత్రం తీసి శుభ్రం చేస్తే అసోసియేషన్ వాళ్లతో గొడవ ఉండదు.

వంట

తద్దినం వంటకు ముందు రోజే కూరలు తెచ్చి పెట్టుకోండి. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, కంచరపాలెం రైతుబజార్లలో కంద, చేమ, అరటికాయ, పొట్లకాయ తాజాగా ఉంటాయి. సాధారణంగా పెసరపప్పు, అరటికాయ కూర, కంద, చేమదుంపల వేపుడు, కాకరకాయ, అల్లం పచ్చడి, కరివేపాకు పొడి, గారెలు, పరమాన్నం, నువ్వులూ బెల్లమూ దంచిన చిమ్మిలి చేస్తారు. బెల్లం అనకాపల్లి నుంచి వచ్చేదే మన ఊళ్లో ఎక్కడ చూసినా. ఉల్లి, వెల్లుల్లి ఎవరూ వేయరు. చాలా ఇళ్లలో టమాటా, క్యాబేజీ, క్యారెట్, మునక్కాయ, ఆనపకాయ కూడా వాడరు. మిరపకాయ బదులు మిరియాలు. ఇంటింటికీ ఇది మారుతుంది కాబట్టి మీ అమ్మగారో అత్తగారో ఏం చేసేవారో అదే చేయండి.

వండేటప్పుడు రుచి చూడరు. భోక్తలు తిన్నాకే ఇంట్లోవాళ్లు తినాలి. షుగరు ఉన్నవాళ్లు మధ్యాహ్నం మూడింటిదాకా ఏమీ తినకుండా ఉండటం ప్రమాదం. తద్దినం పెట్టే కర్తకు అరవై దాటితే, మందులు వేసుకుంటుంటే పాలో పండో తీసుకోవచ్చా అని పంతులుగారిని ముందే అడిగేయండి. ఇన్సులిన్ వాడేవాళ్లు డాక్టరుగారితో మాట్లాడకుండా ఉపవాసం పెట్టుకోవద్దు.

భోక్తలు లేనివాళ్లు అన్నం ఎవరికి పెట్టాలి అంటే, విశాఖలో ఆకలికి కొదవ లేదు. కేజీహెచ్ ఆస్పత్రి బయట రోగుల వెంట వచ్చిన పల్లెటూరివాళ్లు ఉంటారు. డాబాగార్డెన్స్‌లోని ప్రేమసమాజం లాంటి చోట్ల వృద్ధులు, పిల్లలు ఉన్నారు. సింహాచలం దేవస్థానం అన్నదానానికి మీ పెద్దల పేరు మీద ఇవ్వవచ్చు. తినేవాళ్లను ఫొటోలు తీయకండి.

సముద్రం దగ్గర వదిలేవాళ్లకు

అమావాస్య నాడు తీరంలో తర్పణం వదలడం మన ఊరివాళ్లకు దక్కిన భాగ్యం. ఆర్కే బీచ్‌లో నిలబడితే డాల్ఫిన్ నోస్ కొండ నైరుతి వైపు ఉంటుంది, దక్షిణం దానికి ఎడమగా సముద్రం వైపు. అది చూసుకుని తిరగండి, దిక్సూచి అక్కర్లేదు. ఇంకొంచెం ప్రశాంతంగా కావాలంటే భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసేచోటికి పొద్దున్నే వెళ్లండి.

కానీ మహాలయ అమావాస్య తుపానుల కాలంలో వస్తుంది. పైగా అమావాస్యకు పోటు ఎక్కువ. మన తీరంలో అలలు కాళ్ల కింద ఇసుకను లాగేస్తాయి. మోకాలి లోతుకు కూడా దిగొద్దు. చెంబుతో నీళ్లు ముంచి పైకి తెచ్చుకుని, తడి ఇసుక దాటాక కూర్చుని వదలండి. సముద్రానికి వీపు పెట్టకండి. పెద్దవాళ్లను, పిల్లలను ఒంటరిగా వదలకండి. పోలీసులు, లైఫ్‌గార్డులు వద్దన్న రోజు వెనక్కి వచ్చి ఇంట్లోనే వదలండి, దానికేమీ లోటు రాదు. ప్లాస్టిక్ కవర్లు, ఫొటోల ఫ్రేములు, పోయినవారి బట్టలు నీళ్లలో పడేయకండి.

వైదికం లేని ఇళ్లలో

ఉత్తరాంధ్రలో చాలా కుటుంబాలకు పెద్దల రోజంటే సంక్రాంతి. ఇల్లు అలికి, ఫొటో దగ్గర కొత్త బట్టలు పెట్టి, పోయినవారికి ఇష్టమైనవి వండి ఆకులో వడ్డించి, సాంబ్రాణి వేసి, నీళ్లు విడిచి దండం పెట్టుకుంటారు. దాన్ని తక్కువని ఎవరైనా అంటే నమ్మకండి. తిథి తెలియకపోయినా, మంత్రం రాకపోయినా ఆ కొత్త బట్టలు పెట్టేటప్పుడు పేరు పెట్టి పిలవండి. ఆ బట్టలు తర్వాత ఇంట్లోవాళ్లే కట్టుకుంటారు. మీ కులాచారం ప్రకారం సాతానయ్యగారో, జంగమయ్యగారో వచ్చి చేయించే పద్ధతి ఉంటే దాన్ని అలాగే కొనసాగించండి.

క్షేత్రాలు

ఒక్కసారైనా క్షేత్రానికి వెళ్లాలనుకుంటే దగ్గరలో రెండు ఉన్నాయి. శ్రీకాకుళం పక్కన శ్రీకూర్మం, అక్కడి శ్వేతపుష్కరిణి దగ్గర పితృకార్యాలు చేస్తారు. రెండోది పిఠాపురం పాదగయ. బీహార్‌లోని గయ శిరోగయ, ఒడిశాలోని జాజ్‌పూర్ నాభిగయ, మన పిఠాపురం పాదగయ. విశాఖ నుంచి రైల్లో రెండు మూడు గంటల్లో దిగి, కుక్కుటేశ్వరస్వామి గుడిలో పిండప్రదానం చేసుకుని సాయంత్రానికి తిరిగి రావచ్చు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి, రాజమండ్రి వెళ్లేవాళ్లు ఆ పేర్ల పుస్తకం పట్టుకెళ్లండి. గయలో పెట్టేశాం, ఇక తద్దినం అక్కర్లేదు అనే మాట తరచుగా వినిపిస్తుంది. చాలామంది పురోహితులు దాన్ని ఒప్పుకోరు, మానేయొద్దనే చెబుతారు.

ఆ రోజు కుదరకపోతే

తద్దినం రోజుకు మైల గానీ పురుడు గానీ వస్తే, శుద్ధి అయిన రోజున పెట్టుకోవచ్చు. అదీ దాటిపోతే ఆ నెల బహుళ ఏకాదశి లేదా అమావాస్య. మహాలయం తప్పిపోయినవాళ్లకు సూర్యుడు వృశ్చికరాశిలోకి వెళ్లేవరకు, అంటే నవంబరు నడిమివరకు గడువు ఉంది. జ్వరమో, ఆపరేషనో, దూరదేశంలో డ్యూటీయో అడ్డు వస్తే ఆ రోజు స్నానం చేసి దక్షిణం వైపు తిరిగి నువ్వులు, నీళ్లు వదిలి, స్వయంపాకం ఊళ్లో తమ్ముడి చేత ఇప్పించండి. తద్దినం పెట్టినవాళ్లు మర్నాడు పొద్దున్న పరేహని తర్పణం మరిచిపోకండి. ముందు రోజు అలసటలో చాలామంది వదిలేసేది అదే. కాబట్టి పంతులుగారు వెళ్లేముందే కాసిని నువ్వులు, రెండు దర్భలు విడిగా తీసి పెట్టుకోండి.